బిస్కెట్టుకు ఎడమ చెవి ఏది

ముదిగుబ్బకు బస్సులో పావుగంట దూరం ఉన్న ఆ పల్లెలో, అక్కమ్మ ముక్కుకు ఉన్నంత పేరు అక్కమ్మకు లేదు. విత్తనానికి దాచిన శనక్కాయల మూట దగ్గర ఒకసారి వంగి లేస్తే చాలు, అడుగున కాయలు ముక్కిపోయాయో లేదో చెప్పేది. పాలు విరుగుతాయని కాచకముందే చెప్పేది. మొగుడు కుళ్లాయప్ప గొర్రెలు మేపుకుని ఇంటికొస్తే, దారిలో ఎవరింట్లో టీ తాగాడో, అందులో ఎన్ని చెంచాల చక్కెర పడిందో కూడా గడప దాటకముందే చెప్పేది.

"నీతో సంసారం పోలీసు కుక్కతో సంసారం మాదిరి ఉండాది" అని ఆయన విసుక్కునేవాడు.

"ఆ కుక్కకైతే మాంసం పెడతారంట. నాకేం పెడితివి నువ్వు?" అని ఆమె అడిగేది. మాట అంతవరకే. అక్కమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

కుళ్లాయప్ప మాత్రం ఊరికి పెద్దమనిషి. గొర్రె తప్పిపోయినా, ఒకరి మందలో ఇంకొకరి పొట్టేలు కలిసిపోయినా తీర్పు ఆయన చెప్పాల్సిందే. చెవి మీద గాటు చూసి ఇది ఫలానా వాళ్లదని చెప్తే ఇక దానికి తిరుగు లేదు. అంతటి మనిషికి షుగరు వచ్చింది. ఆ పైన కాలి చిటికెన వేలికి తుమ్మముల్లు దిగింది. రెండు నెలలైనా పుండు ఎండలేదు.

"నెల రోజులు చూస్తాను. షుగరు దిగి పుండు ఎండితే సరి, లేకుంటే వేలు తీసేయాల్సి వస్తుంది. వేలితోనే ఆగుతుందని కూడా నేను చెప్పలేను" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

"పది ఉండాయి కదమ్మా, ఒకటి పోతే ఏమి" అన్నాడు కుళ్లాయప్ప.

డాక్టరమ్మ నవ్వలేదు. అక్కమ్మ కూడా నవ్వలేదు. ఆమె నాయనకు ఇట్లాగే వేలితో మొదలై మోకాలి దాకా పోయింది. ఆ తర్వాత ఆయన మంచం మీద ఎన్నాళ్లో లేడు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు.

కుళ్లాయప్ప చెడ్డవాడు కాదు. బిళ్లలు వేళకు వేసుకున్నాడు, బెల్లం మానాడు, టీలో చక్కెర మానాడు, రాత్రిపూట అన్నం మానాడు. ఒక్కటి మాత్రం మానలేకపోయాడు. ముదిగుబ్బలో శ్రీరంగప్ప బేకరీలో దొరికే రంగు బిస్కెట్లు. ఎర్రవి, పచ్చవి, పైన చక్కెర పలుకులు అద్దినవి. పొద్దున ఆరు బిస్కెట్లు, సాయంత్రం ఆరు. అక్కమ్మ తిట్టినాక వాటిని గొర్రెల మందుపెట్టెలో దాచాడు. ఆమె ముక్కుకు దొరికాయి. తలపాగాలో చుట్టుకున్నాడు. ఆ రోజు చీమలు ఆయన నెత్తి మీదే తిరునాళ్ల చేశాయి.

"ఇన్ని మానినావు, ఆ బిస్కెట్టు మానలేవా?" అని అక్కమ్మ అడిగింది.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "తీపి మానుతాలే. రంగు మానలేను మే. పొద్దున లేసి చూస్తే ఎర్ర నేల, ఎండిన గడ్డి, మన్ను రంగు గొర్రెలు. సంగటి చూసినా అదే రంగు. వాన ల్యాని ఊర్లో పచ్చ రంగు నేను చూస్తాండేది ఆ బిస్కెట్టులోనే."

అక్కమ్మకు ఇది వింతగా తోచినా, మాట పట్టుకుంది. "అయితే రంగు నేనిస్తా. నా చేతి బిస్కెట్లు దినానికి రెండు తిను. అంగడివి ముట్టకూడదు."

"రంగు నిజంగా ఉంటే సరే. నా మంద మీద ఒట్టు" అన్నాడాయన. ఆమె చేతిలో రంగు ఏమొస్తుందిలే అన్న ధైర్యం మీద వేసిన ఒట్టు అది.

మొదటిసారి రాగిపిండిలో శనక్కాయల పొడి, తురిమిన బీట్‌రూటు కలిపి పెనం మీద మూత పెట్టి కాల్చింది. పిండిగా ఉన్నప్పుడు మందారం రంగు. మూత తీసేసరికి పేడ రంగు. కుళ్లాయప్ప ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "దీన్ని గోడకు కొట్టాల్నా, పొయ్యిలో పెట్టాల్నా?" అని అడిగాడు.

రెండోసారి గుమ్మడికాయ ఉడికించి, రంగు బాగా తేలాలని పసుపు, బాగా పొంగాలని వంటసోడా వేసింది. పసుపులో సోడా పడితే ఎర్రబడుతుందని ఆడకూతురికి తెలియని సంగతి కాదు, తొందరలో మరిచిపోయింది. పసుపుపచ్చ బిస్కెట్టు నిండా ఎర్రెర్రని మచ్చలు లేచాయి.

"దీనికి అమ్మవారు పోసినట్లుండాది. వేపమండ పెట్టి పండుకోబెట్టు" అన్నాడు మొగుడు.

ఇక లాభం లేదని అక్కమ్మ బస్సెక్కి ముదిగుబ్బ పోయింది. శ్రీరంగప్పది మడకశిర. ముప్ఫై ఏళ్లుగా కట్టెల బట్టీ నడుపుతున్నాడు. ఈ చుట్టుపక్కల పెళ్లికో పేరంటానికో బిస్కెట్లు కావాలంటే మైదా, చక్కెర, డాల్డా ఎవరివి వాళ్లు తెచ్చి అక్కడ కాల్పించుకుని, డబ్బాల్లో పోసుకుని పోవడం అలవాటు. అక్కమ్మ సంగతంతా విని ఆయన నోట్లో వక్క ఒక పక్కకు తోసుకున్నాడు.

"రాగిపిండే నల్లగుంటే దాని మీద రంగు యాడ కనపడుతుందమ్మా? జొన్నపిండి తీసుకో. బీట్‌రూటుకు సోడా తగలనీయొద్దు, నిమ్మకాయ పిండు. పాలకూర నూరి వడగట్టు. నా బట్టీ చల్లబడేటప్పుడు సన్న సెగ మీద పెడతా, రంగు నిలుస్తుంది." కాసేపు ఆగి, "నా బేరం నా చేతనే చెడగొట్టిస్తాండావు, కానీలే" అన్నాడు.

మూడో రోజు అక్కమ్మ రెండు ముద్దలు తెచ్చింది. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. జొన్నపిండి, శనక్కాయల పొడి, నువ్వులు, కాస్త పెరుగు. చక్కెర ఒక్క పలుకు కూడా లేదు. గుండ్రంగా ఒత్తి రేకుల మీద పెట్టాక శ్రీరంగప్ప, "ఈ దినం ఇంకా నలుగురివి ఉండాయి, కలిసిపోతాయి. ఏదన్నా గుర్తు పెట్టు" అన్నాడు.

గుర్తు అంటే అక్కమ్మకు తెలిసింది ఒక్కటే. చెంచా అంచుతో ప్రతి బిస్కెట్టుకూ కుడి పక్కన ఒక గాటు పెట్టింది. అది వాళ్ల మంద గుర్తు. మామ బతికుండగా ఆస్తి పంచినప్పుడు, ఒకటే గాటు ఇద్దరు కొడుకులకూ ఇచ్చి, పెద్దోడికి కుడి చెవి, చిన్నోడికి ఎడమ చెవి అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఒక్క గొర్రె కూడా తారుమారు కాలేదు.

ఆమె బస్సుకు ఇంకా టైం ఉందని బజారుకు పోయి వచ్చేలోపల, తోటికోడలు ఈశ్వరి అదే బట్టీకి వచ్చింది. నల్లమాడలో వాళ్ల అన్న కొత్తిల్లు చేరుతున్నాడు. పుట్టింటికి పట్టుకుపోవడానికి మైదా, డాల్డా, దండిగా చక్కెర, అంగడి రంగులు వేసి ఎర్రవి, పచ్చవి చేయించింది. గుర్తు పెట్టమంటే ఆమె కూడా ఆ ఇంటి కోడలే కదా. చెంచా తీసుకుని ప్రతిదానికీ ఎడమ పక్కన ఒక గాటు పెట్టింది.

బట్టీలో రేకులు ఎన్నిసార్లు తిరిగాయో ఆ దేవుడికే ఎరుక. సాయంత్రానికి ఇద్దరూ ఎవరి గాటు వాళ్లు చూసుకుని డబ్బాలు నింపుకున్నారు. ఆ వేళ అక్కమ్మకు జలుబు చేసి ముక్కు దిబ్బడ పడింది. జీవితంలో ఆ ముక్కు సెలవు పెట్టింది ఆ రెండు మూడు రోజులే.

కుళ్లాయప్ప మొదటి బిస్కెట్టు భయపడుతూ కొరికాడు. రెండోది భయం లేకుండా కొరికాడు. "అక్కా, అక్కమ్మా, ఏం చేయి మే నీది. ఇన్ని దినాలు యాడ దాచిపెట్టినావు ఈ చేతిని?" అని పెళ్లాన్ని వరస తప్పి పొగిడాడు. అరుగు మీద కూర్చున్న నలుగురినీ పిలిచి, "పాలకూరంట, బీట్‌రూటంట. నోట్లో ఏస్తే కరిగిపోతాండాయి. బతికినన్ని దినాలు నాకు అక్కమ్మ బిస్కెట్లే" అని చెప్పాడు. అక్కమ్మ వంటింట్లో నిలబడి మురిసిపోయింది. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో ఆయన పొగిడింది అంతకుముందు ఒకసారే, అదీ గొర్రెను చూసి.

మూడో రోజు పొద్దున డబ్బా చుట్టూ చీమల బారు కనిపించింది. అక్కమ్మ ఆగిపోయింది. జొన్నపిండికి, పాలకూరకు ఏ చీమ వస్తుంది? వంగి మూత తీసింది. ముక్కు అప్పుడే తెరుచుకుంది. డాల్డా.

మూడు రోజులుగా మొగుడి నోట్లో తన చేత్తో చక్కెర పోసింది. డాక్టరమ్మ ఇచ్చిన గడువు ఇంకా ఇరవై రోజులే.

అదే వేళకు వీధి మొదట్లోంచి ఈశ్వరి గొంతు వినిపించింది. "యాడుండావక్కా? నా పరువు తీస్తివి కదక్కా. మా అన్న మామ ఒకటి కొరికి, ఊరిబిండి పచ్చడి ఎండబెట్టి తెచ్చినారామ్మా అని అడిగినాడు. పంతులు చేతిలోకి తీసుకుని ఆవుకు పెట్టినాడు."

విషయం అందరికంటే ముందు అర్థమైంది కుళ్లాయప్పకే. ఈశ్వరి డబ్బా అరుగు మీద పెట్టిందో లేదో, "ఉండండి, నేను చూస్తా" అంటూ రెండు డబ్బాలూ ఒకే చేటలో కుమ్మరించి, రెండు చేతులతో బాగా కలిపేశాడు.

"ఏం పని బావా అది?" అంది ఈశ్వరి.

"తీర్పు చెప్పాల్నంటే అన్నీ ఒకచోట ఉండాల. ఇప్పుడు చెప్పండి, మీ గుర్తు ఏంది?"

"కుడి చెవి గాటు" అంది అక్కమ్మ.

"ఎడమ చెవి గాటు" అంది ఈశ్వరి.

ఆయన ఒక బిస్కెట్టు తీసి అందరికీ చూపించి, నిదానంగా చుట్టూ తిప్పాడు. "దీనికి మూతి యాడుండాది? మూతి తెలిస్తే కదా కుడి చెవేదో, ఎడమ చెవేదో తెలిసేది. ఇన్నేండ్లు గొర్రెలున్న ఇండ్లలో కాపురం చేసి, ఇద్దరాడోళ్లు గుండ్రంగా ఉండేదానికి చెవులు కోసినారు. ఇంక ఎవరివి ఏవో చెప్పలేము. నేనే ఓపిక చేసుకుని అన్నీ తింటా, పొండి."

ఈశ్వరి కేకలకు మూగినవాళ్లు నవ్వారు. ఈశ్వరి నవ్వలేదు. "బావా, గాటు పెట్టని పిల్లలు మందలో కలిస్తే ఏం చేయాల్నని చెప్తావు నువ్వు?"

కుళ్లాయప్ప వెంటనే ఆకాశం వైపు చూశాడు. ఏం చేయాలో ఊరంతటికీ తెలుసు. తల్లి గొర్రెను వదలాలి. అది వాసన చూసి ఏ పిల్లను దగ్గరికి రానిస్తే ఆ పిల్ల దానిదే. అది ఆయన నాయన కాలం నుంచి వస్తున్న తీర్పు.

"అయితే కండ్లు మూసుకోవాల. చూసి చెప్తే ఒప్పుకోను" అన్నాడు చివరికి.

అక్కమ్మ కొంగుతో కళ్లకు గట్టిగా కట్టుకుని చేట ముందు కూర్చుంది. ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, తనవి కుడి పక్కన, ఈశ్వరివి ఎడమ పక్కన వేసింది. ఒక్కదాని దగ్గర కూడా తడబడలేదు. మధ్యలో కుళ్లాయప్ప చప్పుడు చేయకుండా ఒక డాల్డా బిస్కెట్టు తెచ్చి ఆమె కుడి పక్క కుప్పలో పెట్టాడు. అక్కమ్మ తల ఎత్తకుండానే దాన్ని తీసి ఎడమ పక్కకు వేసింది.

"ఇది డాల్డాది. ఇంతసేపు బీడీల జేబులో ఉండింది" అంది.

చేట ఖాళీ అయింది. ఇక పెద్దమనిషి నోరు తెరవాలి. ఆయన ఎడమ పక్క కుప్పను చూశాడు, కుడి పక్క కుప్పను చూశాడు, మళ్లీ ఎడమ పక్కే చూశాడు. "ఎవరి పిల్లలు వాళ్లకు" అన్నాడు, గొంతు సగమే లేచింది.

ఈశ్వరికి కోపం దిగిపోయింది. తనవన్నీ డబ్బాలో పోసుకుని, ఎర్రది ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "పోనీలే బావా, ఒకటి ఉంచుకో."

అక్కమ్మ తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె కళ్లకు కట్టిన కొంగు విప్పుకుని, ఆయన కాలి కట్టు వైపు చూస్తూ కూర్చుంది. కుళ్లాయప్ప ఆ చూపు చూశాడు. బిస్కెట్టును ఒకసారి వాసన చూసి, తిరిగి ఈశ్వరి డబ్బాలో వేశాడు.

"తీసుకుపో తల్లీ. తీర్పు చెప్పినోడే పిల్లను దాచుకుంటే, రేపు నా మాట ఎవరింటారు?"

తర్వాత కుడి పక్క కుప్పలోంచి పచ్చది ఒకటి తీసుకున్నాడు. కొరికాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. మూగినవాళ్లు చాలామంది ఇళ్లకు పోయి పనులు చేసుకుని వచ్చినా ఆయన నములుతూనే ఉన్నాడని ఈశ్వరి ఇప్పటికీ చెప్తుంది.

"ఎట్లుండాది?" అని అడిగింది అక్కమ్మ.

"పచ్చగా ఉండాది" అన్నాడు. అంతకంటే అబద్ధం ఆయనకు చేతకాలేదు.

ఆ రోజు నుంచి దినానికి రెండు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. తినేటప్పుడల్లా కళ్లు పెద్దవి చేసి రంగు చూసుకునేవాడు, కొరికాక కళ్లు మూసుకునేవాడు. అక్కమ్మ రోజూ కట్టు మార్చి పుండు కడిగి, వంగి వాసన చూసేది. మొదటి వారం ఆమె మొహం మారలేదు. రెండో వారంలో ఒక పొద్దున, కట్టు కడుతూ కడుతూ సన్నగా ఏదో కూనిరాగం తీసింది. ఆ పూట ఆయన బిస్కెట్టు సణగకుండా తిన్నాడు.

గడువు రోజు డాక్టరమ్మ రక్తం చూసి, కట్టు విప్పి, వేలిని అటూ ఇటూ తిప్పింది. "షుగరు దిగింది. పుండు ఎండింది. వేలు ఉండనీ. బిళ్లలు మాత్రం మానొద్దు" అంది.

తిరుగు బస్సులో కుళ్లాయప్ప చెప్పు విప్పి, కాలు ఎదుటి సీటు మీద పెట్టి, ఎక్కిన ప్రతి మనిషికీ ఆ చిటికెన వేలు చూపించాడు. కండక్టరు వచ్చి కాలు తీయమన్నాడు.

"తీసేయాల్సిందే అప్పా ఇది. నా పెండ్లాము తీయనీయల్యా" అన్నాడు కుళ్లాయప్ప.

కండక్టరుకు ఏమీ అర్థం కాక అక్కమ్మ వైపు చూశాడు. అక్కమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చేయి మాత్రం మొగుడి కాలి మీదే ఉంది, తీయలేదు.