రక్తదాతల కుర్చీలో ఒక తండ్రి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను తిరుత్తణి నుంచి తిరువళ్లూరు వైపున్న ఒక ప్రభుత్వాసుపత్రికి మార్చారు. స్టాఫ్ నర్సుగా చేరినదాన్ని, అప్పటికి రెండో గ్రేడు నర్సింగ్ సూపరింటెండెంట్‌నయ్యాను. అక్కడి పసికందుల ఐసీయూ నా బాధ్యత. నెలలు నిండకుండా పుట్టినవాళ్లనూ, బరువు చాలనివాళ్లనూ వార్మర్ల మీద ఉంచుతాం. వార్మర్ అంటే పైనుంచి వేడినిచ్చే చిన్న మంచం. తల్లి వేరే వార్డులో ఉండి, పాలు పిండి గిన్నెలో పంపుతుంది. బిడ్డ కుదుటపడ్డాకే ఆమె రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టేవాళ్లం. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. ఉద్యోగమంతా నేను అలాగే చేశాను, కొత్తగా వచ్చిన నర్సులకూ అలాగే నేర్పాను.

చేరిన కొన్నాళ్లకే చెన్నైలో శిక్షణకు పంపారు. అక్కడ చెప్పింది దీనికి తలకిందులు. కుదుటపడేదాకా ఆగొద్దట. పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజులో ఎక్కువసేపు చర్మానికి చర్మం తగిలేలా ఉంచితే తక్కువ బరువు పిల్లల్లో మరణాలు తగ్గుతున్నాయని, మన దేశంతో సహా కొన్ని దేశాల్లో జరిగిన పరిశోధనలో తేలింది. తనంతట ఊపిరి తీసుకోలేని బిడ్డలకు మాత్రం ఇది వర్తించదు. మిగతావాళ్లకు తల్లి ఐసీయూలోనే, బిడ్డ దగ్గరే ఉండాలి.

తిరిగొచ్చి, వెనక్కి వాలే కుర్చీలు కావాలని అడిగాను. ఐసీయూకు మంజూరైన సామాన్లలో కుర్చీ లేదన్నారు ఆఫీసువాళ్లు. టెండరు పిలవాలన్నారు స్టోర్సువాళ్లు. ఇంజనీరు వచ్చి, గది కొలిచి, చోటు లేదని చెప్పి, టీ తాగి వెళ్లాడు. పిల్లల విభాగం పెద్ద డాక్టరు మంచివాడే కానీ, బయటివాళ్లు లోపలికొస్తే ఇన్ఫెక్షన్ వస్తుందని ఆయన భయం. ఆ పరిశోధనలో ఇన్ఫెక్షన్లు పెరగలేదు సరికదా తగ్గాయండీ అంటే, పేపర్లో అన్నీ బాగానే ఉంటాయి సిస్టర్ అని నవ్వేవాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది.

ఇలా ఉండగా పొదటూరుపేట నుంచి గౌరి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. నేతపని చేసే కుటుంబం. బీపీ పెరిగి ఫిట్స్ రావడంతో నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. తల్లిని కదిలించే పరిస్థితి లేదు. బిడ్డ కిలోన్నర కూడా తూగలేదు, కానీ ఊపిరి తనే తీసుకుంటోంది. వార్మర్లు చాలక ఆ రోజు ఒక్కోదానిమీద ఇద్దరేసి పిల్లలున్నారు. ఈ బిడ్డకు అంచున చోటు దొరికింది. ఎంత కప్పినా పాదాలు చల్లగానే ఉన్నాయి, ఒంటి వేడి పడిపోతూనే ఉంది. అంత చిన్న బిడ్డకు చలి పడితే ఊపిరి ఆగిపోవచ్చు.

గౌరి భర్త మునిరత్నం తలుపు బయటే నిలబడి ఉన్నాడు. తల్లికి వీలుకాకపోతే ఇంట్లో ఇంకొకరు చేయవచ్చని శిక్షణలో చెప్పారు. పెద్ద డాక్టరుతో అదే అన్నాను. ఆయన బిడ్డ పాదం ముట్టుకుని చూశాడు. ఈసారి నవ్వలేదు. చేయండి, నేనిక్కడే ఉంటాను అన్నాడు.

ఇక కుర్చీ. బ్లడ్ బ్యాంకు వరండాలో, రక్తదాతలు వాలి పడుకునే పాత కుర్చీ ఒకటి కండెమ్ చేసి, అంటే పనికిరానిదని రాసి, వేలానికి పెట్టి ఉంది. రెక్సిన్ చిరగడం తప్ప దానికి వచ్చిన రోగమేమీ లేదు. తెప్పించి, చిరుగు మీద ప్లాస్టర్ వేసి, మందునీళ్లతో తుడిపించాను.

అప్పుడు మునిరత్నం తల్లి కుప్పమ్మ అడ్డం పడింది.

"మొగోడు బిడ్డను ఎదకేసి కట్టుకునేది యాడన్నా ఉండాదా సిస్టరమ్మా? ఇంత పెద్దాసుపత్రిలో మిషను లేదా?"

"ఉండాది, చాల్లేదు. రోంత పక్కకు జరుగవ్వా!" విసుగులో నాకూ మా ఊరి మాటే వచ్చింది.

మునిరత్నం చొక్కా విప్పాడు కానీ కూర్చోడు. "నాకు రొంబ భయంగా ఉండాది సిస్టర్. నలిపేస్తానేమో."

బిడ్డకు టోపీ, సాక్సు వేసి, అతని రొమ్ము మీద నిలువుగా ఆనించి, మెడ వంగకుండా తల పక్కకు తిప్పి, గుడ్డతో కట్టాం. ఆక్సిజన్ చూపే క్లిప్పు పాదానికి పెట్టాం. చూస్తే ఇతను ఊపిరి బిగబట్టి ఉన్నాడు. "నువ్వు కూడా ఊపిరి తీసుకోవయ్యా, నిన్ను కూడా నేనే చూసుకోవాలా?" అని కసిరాను.

థర్మామీటరు మళ్లీ పెట్టినప్పుడు వేడి పడిపోవడం ఆగింది. ఆ తర్వాత మెల్లగా పెరిగింది. కుప్పమ్మ చేతులు కడుక్కుని వచ్చి మనవరాలి పాదాలు పట్టుకుంది. "వెచ్చబడినాయే" అంది. అంతే, తనకూ కట్టమని మొదలుపెట్టింది. దగ్గుతున్నావు, కుదరదన్నాను.

"దగ్గు ఉండేది గొంతులో కదమ్మా, ఎదలోనా? వాడు అన్నం తినొద్దా?"

ఆమెను బయటికి పంపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు స్టోర్స్ గుమాస్తా వచ్చాడు. కండెమ్ అయిన వస్తువును వాడటం నిబంధనలకు విరుద్ధమట. తండ్రి బిడ్డను పట్టుకుని కళ్లు మూసుకుని ఉంటే, ఈయన వంగి కుర్చీ కింద నంబరు వెతుకుతున్నాడు. వాళ్లిద్దరినీ కూడా రాసుకుని తీసుకుపోండి అన్నాను. కుర్చీ ఉండిపోయింది, నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను.

బీపీ అదుపులోకి వచ్చాక గౌరిని చక్రాల కుర్చీలో తెచ్చి బిడ్డను ఆమెకు కట్టాం. మునిరత్నం పక్కనే నిలబడి, "మెడ చూసుకో, మెడ" అంటూనే ఉన్నాడు. "అంతా నీకే తెలుసునా?" అంది గౌరి. కళ్లు మాత్రం బిడ్డ మీదనుంచి తీయలేదు. బరువు పెరిగాక ముగ్గురినీ కుప్పమ్మ ఇంటికి తీసుకెళ్లింది. మొదట నేనడిగిన కుర్చీలు మంజూరై, నేను రిటైరయ్యాక వచ్చాయని విన్నాను.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒకటే. కొత్త పద్ధతి నేర్చుకుని రావడం సగం పని కూడా కాదు. దాన్ని చేసేదెవరు, వాళ్లను లోపలికి రానిచ్చేదెవరు, ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పేదెవరు, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. బిడ్డ ఒళ్లు చల్లబడుతున్నప్పుడు మొదలుపెడితే ఒక్కోసారి సమయం మిగులుతుంది. మునిరత్నం కూతురి విషయంలో మిగిలింది. ప్రతిసారీ మిగులుతుందని నమ్ముకుని వార్డు నడపకూడదు.