టేకు నేల తడిసిన రోజు

మొన్న తెల్లాపూర్‌లో మా చిన్న కూతురు కిరాయికి దిగిన ఫ్లాటుకు పోయాను. పడకగదిలో చెక్క నేల ఉందని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది. కూర్చుని అరచెయ్యి ఆనించాను. నున్నగానే ఉంది గానీ ప్రతి నాలుగో పలకలోనూ అదే ముడి, అదే చోట, ఒకే కన్నులాగా చూస్తోంది. చెక్క బొమ్మ అచ్చేసిన అట్ట అది. ఏ రెండు పలకలకూ ముడి ఒక్క తీరుగా ఉండదని వడ్రంగి పని చేసే మా ఆయన చెప్పేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. నాకు సంతకం దాకే చదువు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆ అట్ట మీద కూర్చున్నప్పటి నుంచీ నాకు రాయదుర్గంలో మేమిద్దరం మోకాళ్ల మీద పాకుతూ గీకిన నేలే కళ్లల్లో మెదులుతోంది.

అద్దాల మేడల మధ్య, గుండ్ల మీద నిలబడ్డ పాత బంగళా అది. పై అంతస్తంతా టేకు పలకలు. ఇంటి అమ్మగారు గుంటూరు వైపు క్రిస్టియన్లు, నర్సు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ ఇల్లు ఆమె మామగారిది. మా ఆయన్ని కూడా ఆమె అండీ అనే పిలిచేవారు. అలా పిలిచినప్పుడల్లా ఈయన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేవాడు. ఎన్నో ఏళ్లు కిరాయిదారులు నూనె, మైనం, మట్టి తొక్కీ తొక్కీ ఆ నేల పెనం అడుగులా నల్లబడింది. పలకలన్నీ పీకించి టైల్స్ వేయిద్దామని ఆమె తమ్ముడి పట్టు. ఆమెకు మనసు రాక మాకొక గది అప్పజెప్పారు. "ఆదివారం చర్చి నుంచి ఇటే వస్తామండీ. ఈ గది బాగుంటే ఇల్లంతా చెక్కే ఉంచుతాను. లేదంటే మా తమ్ముడి మాటే" అన్నారు. మా ఆయనకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. "పీకితే మల్ల దొరకదే. గింత వెడల్పు పలక ఇప్పుడు ఏడున్నది?" అని నాతో పదిసార్లు అన్నాడు.

అయిదు రోజులు గీకాం. ముందు రేకు బిళ్లతో, తర్వాత గరుకు ఉప్పు కాగితంతో. నలుపు పోయింది గానీ కింద నుంచి వచ్చింది ఎండిన గడ్డి రంగు, కళ లేని చెక్క. నాకు లోపల భయమే. ఆదివారం పొద్దున ఆయన అవిసె నూనె తేవడానికి మియాపూర్ పోతూ, "నేనొచ్చేసరికి మంచిగ ఊడ్చి తుడువు" అన్నాడు. వడ్రంగులకు తుడవడమంటే పొడి గుడ్డతో దులపడం. మా ఇళ్లల్లో ఆడవాళ్లకు తుడవడమంటే బకెట్టు, నీళ్లు. ఇల్లు చూడ్డానికి మనుషులు వస్తుంటే కడగని నేల ఎట్లా చూపిస్తాం? రెండు బకెట్లు పట్టి గుడ్డ ముంచి గుమ్మం నుంచి మొదలుపెట్టాను.

గుడ్డ పోయిన చోటల్లా చెక్క మారిపోయింది. తేనె రంగు, అందులో ఎర్రటి జీరలు, నీటిలో అలల్లాగా ఒకదాని వెంట ఒకటి లేచాయి. నిన్నో మొన్నో కొట్టిన చెట్టు వాసన గదంతా కమ్ముకుంది. గుడ్డ అక్కడే వదిలేసి దోసిళ్లతో నీళ్లు చల్లుకుంటూ పోయాను. ఇన్నేళ్లూ ఇంతటిది కాళ్ల కింద నల్లగా పడి ఉందా అని ఒళ్లు జలదరించింది.

గుమ్మంలో మా ఆయన. నూనె డబ్బా చేతిలోనే ఉంది. "నీళ్లు పోసినవా?" అన్నాడు.

"తుడువుమంటివి గదా."

"తుడువుమన్న. తానం జేయించుమన్ననా?"

అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. అమ్మగారు, వెనకే తమ్ముడు. ఆమె గదిలోకి చూశారు. చెప్పులు విడిచి, తడి మీదే నడిచి మధ్యలో నిలబడ్డారు. తమ్ముడు అన్నాడు, "తడి వల్ల వచ్చిన రంగిది. ఆరితే మళ్లీ మామూలే, అక్కా." మా ఆయన అబద్ధం చెప్పలేడు. "నిజమే సారూ, ఆరితే పోతది. నూనె పట్టిస్తే గీ రంగే నిలుస్తది. నీళ్లకు నూగు లేచింది, మల్ల గీకాలె. మూడు రోజులియ్యుండ్రి" అన్నాడు. ఆమె తమ్ముడి వైపు తిరిగి, "టైల్స్ వాళ్లకు వద్దని చెప్పరా. మామగారు నడిచిన నేల నేనివాళ చూస్తున్నాను" అన్నారు.

నేల ఆరాక అరచెయ్యి పెడితే పిల్లి నాలుకలా గరుకు. మళ్లీ గీకాం. విచిత్రమేమంటే, మొదటికన్నా నున్నగా వచ్చింది. ఆ తర్వాత ప్రతి గదికీ ఆయనే నీళ్లు తెచ్చి, "రా, నీ తుడుచుడు తుడువు" అనేవాడు. ఒకనాడు నూనె రుద్దుతూ నా వేలు పట్టుకుని ఒక జీర మీద పెట్టాడు. ఒక్కో జీర ఆ చెట్టు తాగిన ఒక్కో ఏడాది వాన అని చెప్పాడు. లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాను. మా అమ్మమ్మ పుట్టకముందు కురిసిన వానలవి. కాలం నీళ్లలా పోతుందని అందరూ అంటారు. నేను మాత్రం వట్టి పాదాలతో దాని మీద నడిచాను, అది గట్టిగా ఉంది.