మామయ్య ముందు అరిచింది కారే

ఈ రోజు తాండూరు నుంచి వికారాబాద్ వస్తుంటే, మా ఆయన కారు నడుపుతూనే తెర మీద పాటలు ఎలా మార్చాలో పక్కనున్న మామయ్యకు చూపిస్తున్నాడు. ధారూర్ దాటాక నాపరాళ్ల లారీ ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక సీట్లోంచి నాకు కనబడింది. మామయ్య ఎదుట ఎన్నడూ గొంతెత్తలేదు, నోరు పెగల్లేదు. అంతలో ఎదురుగా అడ్డం ఉందని కారే గట్టిగా మోగి హెచ్చరించింది. మా ఆయన బ్రేక్ తొక్కాడు. లారీకి రెండడుగుల దూరంలో ఆగాం.

"నాకు ముందే కనబడ్డది," అన్నాను.

మామయ్య వెనక్కి తిరిగాడు. "మరి ఒర్రకపోతివేంది బిడ్డా?"

"మీరున్నరు గదా మామా."

"నీ సిగ్గు సల్లగుండ! ముగ్గురం పోతుంటిమి గద!"

ఇకపై అరవాలనే అనుకున్నాను. కానీ మామగారి ముందు మొగుణ్ణి ఏమని పిలిచి అరవాలి? మీరైతే ఏమంటారు?