రస్కు మేష్టారు

మేష్టారు పోయారన్న కబురు నేను రేవులో పీతలు బేరమాడుతుండగా వచ్చింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వారంలో మా రేవు నీళ్ళ గురించి పొల్యూషను ఆఫీసులో మీటింగు పెట్టుకుని, మనిషి ఇప్పుడా పోవడం? నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఆయన కాలేజీలో సముద్రం గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నెలకోసారి మా తెప్ప ఎక్కి, ఫ్యాక్టరీ కాలువ కలిసేచోట తాడుకి కట్టిన డబ్బా దించి, అడుగు బురద తీసి సీసాల్లో పోసేవారు. మూత పెట్టేముందు నాకు వాసన చూపించేవారు. ఒకసారి కిరసనాయిలు అన్నాను, ఇంకోసారి కుళ్ళిన గుడ్డు అన్నాను. అదే సీసా మీద రాసేవారు. నా ముక్కుకి అంత విలువిచ్చిన చదువుకున్న మనిషి మరొకరు లేరు.

మొదటిరోజు "ఇక్కడ రిస్కు ఎంతుందో చూడాలి" అన్నారు. నేను టీకొట్టుకెళ్ళి టీ, రెండు రస్కులు తెచ్చిచ్చాను. ఆయన నవ్వలేదు. ఒకటి టీలో ముంచి, నన్ను అక్కలా అప్పా అని పిలుస్తూ చూపించారు.

"సూడప్పా, టీ అంతా ఇదే పీల్చేసింది. సముద్రంలో బురదా అంతే. పైన నీళ్ళు తేటగానే ఉంటాయి. ఆ బురద తిన్న పురుగుని పీత తింటాది, పీతని మనం తింటాం."

ఆ మాట ఆఫీసువాళ్ళకి ఎక్కలేదు. నిండు పోటు మీద వచ్చి, గట్టు మీంచి వంగి పైపై నీళ్ళు ముంచుకుని, రిస్కు తక్కువని రాసేశారు. బురద తియ్యరేమని అడిగితే నీకేం తెలుసు మామ్మా అన్నారు. పోటు మీద సముద్రం తేటగా ఉంటుందని మా రేవులో పిల్లలకి కూడా తెలుసు. మేష్టారి కాగితాలనైతే చదవకుండానే పక్కన పడేశారు. వాళ్ళమీద అరవండి అని ఆయన్నే తిట్టాను.

"అరిస్తే నన్ను సూత్తారప్పా. సీసా పెడితే సీసాని సూత్తారు," అన్నారు.

నిన్న మీటింగుకి ఆయన భార్య ఇచ్చిన ఆఖరి సీసా కుదుపు లేకుండా పట్టుకెళ్ళి, ఆఫీసరు టీ కప్పు పక్కన పెట్టాను. నెలరోజులు కదలక బురద అడుక్కి దిగింది, పైన నీళ్ళు తేరాయి. నీళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా అన్నాడు. తర్వాత సీసా తిప్పి, మేష్టారి చేతిరాత పైకి చదివాడు. కుళ్ళిన గుడ్డు.

"అది నాను సెప్పిన మాటే. మూత తియ్యి బాబూ," అన్నాను.

అతని చెయ్యి మూత మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.