ఒక చుక్క ఎక్కువ

దుకాణంలో కూచుని కంప్యూటర్‌ను తిట్టడం నాకు వదినె పోయాకే అలవాటైంది. పోయిందంటే ఊరికి పోయింది, ఇంకెక్కడికీ కాదు. మా గోదావరిఖనిలో మనుషులు అట్లాగే మాయమవుతారు. భర్తకు బొగ్గుబాయిలో డ్యూటీ ఉన్నన్నాళ్లే క్వార్టరూ, పక్క గోడా, పక్కింటి మనిషీ. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిందే. ఆమే నేనూ ఒకే గోడకు అటూ ఇటూ పిల్లల్ని పెంచినవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. నేను ఆమెను వదినె అనేదాన్ని, ఆమె నన్నూ వదినె అనే పిలిచేది. రెండు వాకిళ్లూ కలిసే ఉండేవి కనుక ముగ్గు కూడా ఒక్కటే వేసేవాళ్లం. ఆమె చుక్కలు పెడితే నేను గీతలు కలిపేదాన్ని. ఆమె చుక్క తప్పడం నేనెన్నడూ చూడలేదు.

స్టీలు సామాన్ల దుకాణం కూడా ఇద్దరం కలిసే పెట్టాం, నా పేరు మీద. బేరాలు, ఉద్దెర వసూళ్లు, కొట్లాటలు నావి. కంప్యూటర్ ఆమెది. కాలనీలో ఆడవాళ్లకు నేర్పుతున్నారంటే పోయి నేర్చుకుని వచ్చింది. రాష్ట్రం ఇంకా వేరుపడని రోజులవి. నెలనెలా అమ్మకాల పన్ను లెక్క కాగితం మీద రాసి పెద్దపల్లిలో ఇచ్చి వచ్చే పద్ధతి పోయి, ఇంటర్నెట్‌లోనే పంపాలన్నారు. ఇరవయ్యో తారీఖు లోపల ఆమే పంపేది. నేను పక్కన కూచుని పల్లీలు తినేదాన్ని. పొద్దున్నే ఆమె కీబోర్డును బోర్లించి, చేటను తట్టినట్టు తట్టేది. "కంప్యూటర్‌కు దిష్టి తీస్తున్నవా ఏంది?" అని ఎగతాళి చేసేదాన్ని.

వాళ్లు పోయే రోజు సామాను వ్యాను ఎక్కాక ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నేను గేటు పట్టుకుని నిలబడే ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. మంథని అవతల వాళ్ల ఊరు. చేరాక ఫోన్ చేస్తుందిలే అనుకున్నాను. చెయ్యలేదు. ఆమె చెయ్యకపోతే నేనెందుకు చేస్తాను? నాకేం తక్కువ?

ఆ నెల పన్ను లెక్క నేనే పంపడానికి కూచున్నాను. పాస్‌వర్డ్ ఆమె చెప్పే పోయింది. మరిచిపోయేది కూడా కాదు. వదినె అనే మాటే, ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. కొట్టాను. పాస్‌వర్డ్ తప్పని ఎర్రగా వచ్చింది. మళ్లీ కొట్టాను, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ. మళ్లీ తప్పే. ఇంకోసారి కొడితే, ఇక రేపు రమ్మని సైటు తలుపు మూసేసింది. కంప్యూటర్ బాగుచేసే అబ్బాయి వచ్చి చూసి, "ఇంటర్నెట్ మంచిగనే వస్తుంది గదా అక్కా" అని చాయ్ తాగి పోయాడు. పన్నుల ఆఫీసుకు ఫోన్ చేస్తే, "సైటు బరాబర్ ఉందమ్మా, మీరే తప్పు కొడుతున్నరు" అన్నారు.

"నేను తప్పు కొడుతున్ననా? ఆరు అక్షరాలు రావా నాకు?" అని నేను గొంతు పెంచేసరికి అవతల పెట్టేశారు.

మా ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు. "ఆమె లేకపోతే నీతోని కాదు. ఈ నెల లెక్క పోకపోతే ఇగ బంద్ పెట్టు దుకాణం. ఇంట్ల కూసో, ఎందుకీ ఫికరు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అని, అన్నం తిని పడుకున్నాడు. ఇంట్లో కూచోవడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు? గోడ అవతల కొత్తవాళ్లు వచ్చారు. ఎప్పుడు చూసినా తలుపు వేసే ఉంటుంది. వాకిట్లో ముగ్గు లేదు, మాట లేదు. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. గిన్నె కొనకపోయినా బేరమాడటానికైనా దుకాణానికి నలుగురు వస్తారు. అది కూడా మూసేస్తే పొద్దస్తమానం నాతో మాట్లాడే మనిషే ఉండదు. నాకు నిజంగా భయమేసింది.

ఇరవయ్యో తారీఖు పొద్దున, రోషం చంపుకుని ఫోన్ చేశాను. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఏందే, పాస్‌వర్డ్ మార్చి పోయినవా?"

"మార్చితే నీకు చెప్పనా వదినె?" అంది. "ఏమంటుంది కంప్యూటరు?"

"తప్పంటుంది. అది తప్పు, దాని అవ్వ తప్పు!"

"ఒక్కసారి కొట్టు. కొట్టి ఆగు, లోపటికి పోకు. చుక్కలు పడ్డయా?"

పాస్‌వర్డ్ అక్షరాలు కనిపించవు కదా, ఒక్కో అక్షరానికి ఒక్కో నల్ల చుక్క పడుతుంది. పడ్డాయన్నాను.

"ఎన్ని చుక్కలు?"

తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. "ఏడు."

"ఒక చుక్క ఎక్కువైతే ముగ్గు ఎట్ల కలుస్తదే?" అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! "పైన పేరు కొట్టే డబ్బా ఉంటది గదా, అండ్ల కొట్టు. అండ్లయితే అక్షరాలు కనబడ్తయి."

కొట్టాను. వదిన్నె అని పడింది. ఎన్ అక్షరం ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది.

"కీబోర్డు దులుపుతున్నవా?" అని అడిగింది. ఆమె పోయాక దులిపితే కదా! "దులుపు. నేను లైన్ల ఉంట."

బోర్లించి తట్టాను. ఓపెన్ కాస్ట్ గని నుంచి రోజూ వచ్చి పడే బొగ్గు దుమ్ము బల్ల మీద నల్లగా రాలింది. దాంతోపాటు నా పల్లీల పొట్టు కూడా. పొట్టు సంగతి ఆమెకు చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, మా దుకాణంలో నిజంగానే మద్దెలే ఓడు.

మళ్లీ కొడితే ఆరు చుక్కలు పడి సైటు తెరుచుకుంది. ఏ గడిలో కొనుగోళ్లో, ఏ గడిలో అమ్మకాలో ఆమె చెబుతుంటే నింపి పంపాను. ముట్టినట్టు రసీదు వచ్చింది.

"వచ్చిందా? అయితే ఇగ నాతోని పనిలేదు తియ్" అంది.

"వ్యాను ఎక్కినంక ఒక్కసారన్న తిరిగి చూడకపోతివి" అన్నాను.

"చూస్తే దిగుతుంటి వదినె" అంది. "ఫోన్ చేద్దామంటే, నీ కోపం ఇంకా సల్లారిందో లేదో అని ఆగిన."

ఆ రోజు నుంచి కీబోర్డు రోజూ దులుపుతున్నాను. మరుసటి నెల పాస్‌వర్డ్ కొడితే ఒక్క దెబ్బకే తెరుచుకుంది. లెక్క పంపాను, రసీదు వచ్చింది, ఫైల్లో పెట్టాను. ఎవరూ సాయం రాలేదు. రెండో స్టూలు ఖాళీగా ఉంది. గిరాకీ కూడా లేదు. కాసేపు గిన్నెలు సర్దాను. ఇక ఉండబట్టలేక ఫోన్ తీశాను.

"వదినె, మళ్ల తప్పంటుందే."

"అట్లనా? ఎన్ని చుక్కలు?"

తెర మీద చుక్కలేవీ లేవు.

"ఏడు" అన్నాను.

"అయితే దులుపు. నేను లైన్ల ఉంట, తొందరేం లేదు."

ఫోన్ బల్ల మీద పెట్టి, శుభ్రంగా ఉన్న కీబోర్డును బోర్లించి, ఆమెకు వినపడేలా గట్టిగా తట్టాను.

"ఇంకింత సేపు తట్టు" అంది.