మట్టిలో కలవని షీటు

మొన్న నరసరావుపేటలో మనవరాలికి గౌను కొంటే, కొట్టతను దాన్నొక పచ్చ కవరులో పెట్టి ఇస్తూ, ఇది మామూలు ప్లాస్టిక్ కాదమ్మా, పారేసినా మట్టిలో కలిసిపోతుంది అని కవరు మీది ఆకు బొమ్మ చూపించాడు. వద్దని గౌను చేతిసంచిలో వేసుకున్నాను గానీ, బస్సులో ఇంటిదాకా మా అత్తగారే కళ్లముందు మెదిలింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నోటికి జడిసి వంటింట్లో చాటుగా ఏడ్చినదాన్ని నేను. ఈ వయసులో ఆమెను తలుచుకుని గర్వపడతానని అప్పుడెవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని.

మాది గురజాల వైపు నల్లరేగడి చేను, మిరప, పత్తి తప్ప వేరే పంట ఎరగం. కాలువ నీళ్లకు కటకటగా ఉన్న ఒక ఏడు, మా ఆడబిడ్డ కొడుకు, అంటే అత్తగారికి కూతురి బిడ్డ, మల్చింగ్ షీటు తెచ్చి ఇచ్చాడు. అప్పుడప్పుడే పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు వాడు. ఆ పల్చటి ప్లాస్టిక్ షీటును బోదెల మీద దుప్పటిలా పరిచి, చిల్లులు పెట్టి నారు నాటితే తేమ ఆరదట, కలుపు లేవదట. మామూలు షీటైతే పంటయ్యాక ఏరి తీయాలి, ఇది కొత్త రకం, అలాగే దున్నేస్తే నేలలో కలిసి ఎరువైపోతుంది అన్నాడు. మోసం చేయాలని కాదు పాపం, కంపెనీ వాళ్లు మీటింగు పెట్టి చెప్పింది వాడూ నమ్మాడు. ఉన్నమాట చెప్పాలంటే ఆ ఏడు కాయ బాగానే దిగింది, నడుములు విరిగేలా కలుపు తీసే బాధా తప్పింది.

కోతలయ్యాక మావారు ట్రాక్టరు పిలిపించారు. డెబ్భై దాటిన అత్తగారు చేలోకి వచ్చి, బోదె పక్కన గొంతుక్కూర్చుని, షీటు కొస పట్టుకుని లాగింది. పేలికలుగా చిరిగి చేతికొచ్చింది. దాన్ని వేళ్లతో నలిపి, ఎండకు ఎత్తి చూసి, గట్టు మీదున్న మనవణ్ణి పిలిచింది.

“ఏందిరా ఇది? కలిసిపోద్దన్నావు, చిరిగిందే గానీ కుళ్లలేదే!”

“దున్నితే కలిసిపోద్ది అమ్మమ్మా, పొడిపొడి అయిపోద్ది.”

“పొడైతే మాత్రం యాడికి పోద్దిరా? నా చేలోనే గదా ఉండేది!”

ఆమె వెళ్లి ట్రాక్టరు ముందు చతికిలబడింది. మావారు బతిమాలారు, విసుక్కున్నారు, డ్రైవరు ముందు తల కొట్టేసినట్టయి చివరికి వెనక్కి పంపేశారు. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదీ, కూలికి వచ్చిన ఆడవాళ్లూ కలిసి ఆ ఎండల్లో వంగి ముక్క ముక్కా ఏరాం. గాలికి ఎగిరి పక్కవాళ్ల పత్తిచేలో పడ్డవి కూడా ఆమె ఏరుకొచ్చింది, వాళ్లు వద్దంటున్నా వినకుండా, మా చెత్తను మీ చేనెందుకు మోయాలి అంటూ. గుట్ట పోసి అగ్గిపుల్ల గీద్దామని ఎవరో అంటే, ఆ పొగ ఎవరి పిల్లలు పీల్చాలి అని కసిరింది.

ఆ గుట్టనంతా ట్రాక్టరుకెత్తించి, తానూ ఎక్కి కూర్చుని, తీసుకెళ్లి మనవడి కొట్టు ముందు దింపించింది. పదిమందీ చూస్తుండగా, “కలిసిపోయేదాకా నీకాడే ఉంచుకోరా” అని మెట్టు మీద కూర్చుంది. కొడుకు పరువు తీసిందని మా ఆడబిడ్డ ఆరోజు ఏడ్చి, కన్నతల్లితో చాన్నాళ్లు మాట మానేసింది. అత్తగారు రాత్రిళ్లు అన్నం కెలికి వదిలేసేది గానీ, తప్పు చేశానని మాత్రం అనలేదు.

వాడు పోరగా పోరగా కంపెనీ మనిషి వచ్చాడు. వచ్చి, ఫ్యాక్టరీలో బాగా వేడి పెట్టి మగ్గేస్తేనే అది కలుస్తుందని, చేలో కలుస్తుందని రాసివ్వలేమని నసిగాడు. ఆ మాటకు మండిపడింది మా వాడే. కొట్లో మిగిలిన షీటు చుట్టలతో పాటు ఆ గుట్టను కూడా కంపెనీ వ్యానులోనే ఎక్కించాడు. ఆ తర్వాత మామూలు షీటే అమ్మేవాడు, ఏ రైతు అడిగినా, పంటయ్యాక ఏరి తీస్తానంటేనే ఇస్తా, ఎక్కడా కలవదిది అని మొహానే చెప్పేవాడు. ఆ మాట చెవిన పడ్డాక ఆడబిడ్డ తనంతట తనే వచ్చి తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. నేను మా ముగ్గురికీ టీ పెట్టాను.

అత్తగారు పోయి ఏళ్లయింది. అప్పుడు నమ్మి దున్నేసినవాళ్ల చేలల్లో ఇప్పటికీ నాగలి తగిలితే మెరిసే ముక్కలు పైకి లేస్తాయి. మా చేను మాత్రం దున్నితే నల్లగా, మెత్తగా తిరగబడుతుంది. చూసినవాళ్లతో ఇది మా అత్తగారు ఏరిన నేల అని చెప్పుకుంటాను.

అయినా ఒక్క చేనుతో ఏమవుతుంది! కాలువ కట్టంతా కవర్లు, కంపచెట్లంతా కవర్లు, కూలికి వచ్చినవాళ్లు తాగి పడేసిన వాటర్ ప్యాకెట్లు. నా పడుచుతనంలో చేను నుంచి ఇంటికొస్తూ ఆడవాళ్లం దారిలో దొరికిన ఆకుకూర ఒళ్లో నింపుకుని వచ్చేవాళ్లం, రాత్రికి పప్పులోకి అదే. ఇప్పుడూ నేను దారంతా ఏరుకుంటూ ఒడి నింపుకునే వస్తున్నాను, ఇంటికొచ్చి విప్పితే రాలేవన్నీ ప్లాస్టిక్ ముక్కలే.