సారింటి మిద్దె మీద నీళ్ళు

పోయిన వారం వేలూరులో మా అక్క మనవరాలి బడికి వెళ్ళాను. తల్లిదండ్రులను పిలిచి మాట్లాడే రోజు అది. పిల్ల తల్లికి ఆస్పత్రిలో డ్యూటీ ఉండి నన్ను పంపింది. అసలు కారణం అది కాదు. ఫిర్యాదు చెయ్యడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. కరెంటాఫీసువాళ్ళూ, రేషన్ షాపువాళ్ళూ, గుడియాత్తం బస్సును స్టాపులో ఆపని కండక్టర్లూ నా చేతిరాతను బాగా ఎరుగుదురు. "నీది జ్ఞాపకం కాదే, పగ" అని మా అమ్మ అనేది. ఆ రోజు బడి కుళాయిలో నీళ్ళు ఎందుకు రావడం లేదో అడగడానికి మాటలన్నీ పేర్చుకుని వెళ్ళాను. తరగతి అప్పుడే మొదలవుతూ ఉంది. వెనక బెంచీ చూపించి కూర్చోమన్నారు. టీచరమ్మ చిన్న వయసు మనిషి, పేర్లు పిలుస్తోంది. మా పిల్ల పేరు వచ్చింది. అది లేచి నిలబడి, వచ్చానని చెప్పకుండా, "మిస్, మీ కాలినొప్పి తగ్గిందా?" అని అరవంలో అడిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను బెంచీలోంచి సగం లేచాను. టీచరమ్మ తల ఎత్తి దాని ముఖం చూసి, "తగ్గిపోయింది కన్నూ. కూర్చో" అని తరువాతి పేరు పిలిచింది. ఆ తరువాత నాకు కుళాయి సంగతి గుర్తు రాలేదు.

మా అక్క అప్పుడు గేటు బయట ఆటోస్టాండు రేకుల నీడలో కూర్చుని ఉంది. అక్క బడి గేటు దాటదు. పిల్లను రోజూ గేటుదాకా తెచ్చి వదులుతుంది, మళ్ళీ అక్కడినుంచే తీసుకుపోతుంది.

మాది మేస్త్రీల కుటుంబం. నాయన గోడ కట్టేవాడు, అమ్మా పిన్నమ్మా తట్టలు మోసేవాళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. తెలుగు అక్షరాలు మాలో ఎవరికీ రావు. నేనొక్కదాన్ని పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను, ఎవరో నీకు రావులే అన్నందుకు. పని ఎక్కడుంటే మా కాపురం అక్కడ. నెమిలిలో, అరక్కోణంలో, ఇంకా తలుపులు పెట్టని ఇళ్ళలో, వాకిలికి గోనెపట్టా కట్టుకుని, పచ్చి సున్నం వాసనలో పడుకునేవాళ్ళం. అట్లా తిరిగి తిరిగి అక్క చదువు నడుమ నడుమ తెగిపోయింది. గుడియాత్తం చేరేసరికి నాతోపాటే తొమ్మిదో తరగతిలో కూర్చోవలసి వచ్చింది. చివరి బెంచీలో కూర్చున్నా ముందు బెంచీ వాళ్ళకంటే పొడుగు. దానికి సిగ్గుపడేది కాదు. పది పాసై వేలూరులో నర్సు చదువు చదవాలని దాని కోరిక. నాయన కూడా సరేనన్నాడు. "పాసైతే చదువు, తప్పినావంటే తట్ట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని మాట మాటే.

ఊళ్ళో ఎటు చూసినా మిద్దెలు లేస్తున్న కాలం అది. బస్టాండు చుట్టూ ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. లుంగీలు నేసే వీధుల్లో మగ్గాల చప్పుడును టీవీల చప్పుడు మింగేసింది. పెంకుటిల్లు ఉన్నవాడల్లా దాన్ని దించి కాంక్రీటు పోయాలనుకునేవాడు. మా లెక్కల సారూ అనుకున్నాడు. ఆ పని మా నాయనకే ఇచ్చాడు. సారు వాళ్ళది కనియంబాడి పక్క, భూములున్న తెలుగువాళ్ళు. బళ్ళో మాత్రం పొరపాటునైనా తెలుగు ముక్క అనేవాడు కాదు. సాయంత్రం పని దగ్గరికొస్తే, "ఏమప్పా మేస్త్రీ, గోడ యాడదాకా వచ్చినాది?" అని మనవాడైపోయేవాడు. పాఠం బాగా చెప్పేవాడు, అది కూడా రాయాలి. ఆల్జీబ్రా మీద అక్కకు ఇష్టం పుట్టించింది ఆయనే. అర్థమైన చోటల్లా అక్క చెయ్యి అందరికంటే పైకి లేచేది.

కాంక్రీటు పోసే రోజు ఇంట్లో చేతులున్నవాళ్ళంతా రావాలి. నడుమ ఆపితే మిద్దె పాడవుతుంది. నన్ను చిన్నదాన్నని బడికి పంపి, అక్కను పనికి పిలిచారు. సారు సెలవు పెట్టి నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. అక్కకు తన చేత్తోనే కాఫీ ఇచ్చాడట. పోసిన మర్నాటినుంచి మిద్దె మీద సన్నని గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాలి, లేకపోతే ఎండకు బీటలు పడతాయి. అందుకని మా వాళ్ళలో ఒక మర్యాద ఉంది. మిద్దె పోసినవాళ్ళకు ఆ ఇంటాయన ఎదురైతే, బస్సులో గాని పెళ్ళిలో గాని, బాగున్నారా అని అడగరు. "నీళ్ళు నిలబెట్టినారా?" అంటారు. బాలింత ఉన్న ఇంటికి పోయి బిడ్డ పాలు తాగుతున్నాదా అని అడిగినట్టు. అడగకుండా పోతే ఆ ఇల్లు మనకేమీ కాదన్నట్టు.

మర్నాడు పొద్దున సారు వచ్చి పేర్లు పిలిచాడు. అక్క పేరు రాగానే లేచింది. సిమెంటు తినేసిన చేతులు ఎర్రగా ఉన్నాయి. ముఖం నిండా నవ్వు.

"సార్, నీళ్ళు నిలబెట్టినారా?"

అరవం తరగతిలో, తెలుగులో. ఒకరిద్దరు నవ్వారు. ఒక్కమాట సరిపోయేది. పెట్టినానమ్మా అన్నా, తరువాత చెప్తాను అన్నా, ఊ అన్నా సరిపోయేది. సారు అక్క వైపు చూడలేదు. నవ్వినవాళ్ళ వైపు చూశాడు. "అడడే, సిత్తాళ్ వందుట్టాంగప్పా" అన్నాడు. సిత్తాళంటే అరవంలో తట్టలు మోసే కూలిమనిషి, ఆమెగారు వచ్చేసినారని. తరగతి అంతా పగలబడి నవ్వింది. అన్నిటికంటే నన్ను కోసేది, అక్క కూడా నవ్వింది. ముద్దుగా అన్నాడనుకుంది.

ఆ మర్నాడు ఆయన అక్కను పేరు పెట్టి పిలవలేదు, "సిత్తాళ్?" అన్నాడు. అక్క "ప్రెజెంట్ సార్" అంది. బోర్డు దగ్గరికి పిలిస్తే, "తట్ట దించి రామ్మా" అనేవాడు. మగపిల్లలు దాని చోటులో ఇసుక పోసి పెట్టేవాళ్ళు. అక్క చెయ్యి ఎత్తడం మానేసింది, తరువాత తల ఎత్తడం. బడి వదిలాక మాత్రం సారింటికి పోయి, నిచ్చెనెక్కి, మిద్దె మీద నీళ్ళు చూసి, తగ్గితే పోసి వచ్చేది. ఎందుకే అని నేను కొట్లాడితే, "అడిగినాను, ఆయన ఏమీ చెప్పలేదు కదా" అనేది.

ఒక పొద్దున జడ వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని, నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుండిపోయింది. "నేను రాను. నువ్వు పో" అంది.

"ఆయప్ప తమాషాకు అన్నాడే, లెయ్" అంది అమ్మ.

"తమాషాకని నాకూ తెలుసమ్మా. అందుకే."

నాయన తాపీ కడుగుతూ, "పూత పని ఇంకా ఉండాది. ఇంటాయనతో ఏమని తగువుకు పొయ్యేది" అన్నాడు. నేను పోయాను. హెడ్మాస్టరు గదిలోకి పోయి చెప్పాను. నా మొదటి ఫిర్యాదు అది. "విళయాట్టుక్కు సొల్లియిరుప్పారు" అని ఆయన బిస్కెట్టు ఇచ్చి పంపేశాడు. ఆటకు అనుంటాడని. ఆ బిస్కెట్టు నేను తినలేదు.

గృహప్రవేశానికి సారు నాయనకు పంచె పెట్టాడు. వడ్డనలో ఉన్న అక్కను చూసి, చక్కటి తెలుగులో, "బాగా చదువుకోమ్మా, నీకు లెక్క బాగా వస్తాది" అన్నాడు. మనసారా అన్నాడు. అదే నా బాధ. అక్క తల వంచుకుంది.

"అక్క బడి మానేసినాది సార్" అన్నాను నేను.

"అట్లనా? ఎప్పటినించి?" అన్నాడు.

ఆ సారు బెత్తం పట్టి ఎరగడు. కొట్టినవాడైతే ఫలానా చోట కొట్టాడని చూపించి ఉండేదాన్ని. తరగతిని నవ్వించడం ఆయనకు పాఠంలో భాగం. పిల్లలు నిద్రపోకుండా ఉంటారని చేసేవాడనుకుంటాను. నవ్వు ఎవరిమీదుగా పోతోందో చూడలేదు. అక్క తట్ట ఎత్తింది, మేస్త్రీనే పెళ్ళాడింది, కూతుర్ని నర్సును చేసింది. సారు పోయి కొన్నేళ్ళయింది. ఆ మిద్దె ఇప్పటికీ కారదని ఆ వీధివాళ్ళు అంటారు.

పోయిన వారం నేను ఆ బడినుంచి బయటికి రాగానే అక్క లేచి నిలబడింది. "కుళాయి సంగతి అడిగినావా?"

"మరిచిపోయినాను."

"నువ్వా?" అని వింతగా చూసింది. జరిగింది చెప్పాను. అక్క సంచి పట్టీ సరిచేసుకుంటూ వింది.

"పిల్లోళ్ళు నవ్వినారా?"

"నవ్వినారు."

"ఆ మిస్సు?"

"తగ్గిపోయింది, కూర్చో అనింది."

"అంతేనా?"

"అంతే."

అక్క గేటు కమ్మీల్లోంచి లోపలికి చూసింది. "అంతసేపే పట్టిందా" అంది మెల్లగా. గేటు మాత్రం దాటలేదు. ఆ పిల్ల అడిగిన దానికి బదులు వచ్చేందుకు మరో పేరు పిలిచేంత సేపు కూడా పట్టలేదు. మా అక్క అడిగిన దానికి మాత్రం ఇంతకాలం పట్టింది, అదీ వేరే ఎవరి నోటినుంచో, వేరే పిల్లకు.